తేరిన నీళ్ళు

"సంతకం పెట్టు, నీళ్ళిస్తాను. లేదంటే ఇంకో టిక్కీ కోయిస్తాను" అన్నాడు ఫిలిప్.

ఆ మాట నాతో కాదు. కిటికీ ఊచల అవతల, మిరపకాయల కొట్టులో గోడకి జారగిలబడిన యేసుపాదంతో. కొట్టు నిండా ఎండుమిరప టిక్కీలు, గోనె బస్తాలు, రేకుల దాకా పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాని గోనె కోసి కాయలు నేలంతా కుమ్మరించారు. మధ్యాహ్నపు ఎండకి రేకుల కింద ఘాటు ఉడుకుతోంది. బయట నిలబడ్డ నాకే కళ్ళూ ముక్కూ కారుతున్నాయి. లోపలి మనిషికి యాభై దాటాయి, పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా నడుము రెండుగా వంగిపోతోంది.

నా సంచిలో నీళ్ళ సీసా ఉంది. ఊచల మధ్యనుంచి లోపలికి చాపాను. ఫిలిప్ తాపీగా దాన్ని నా చేతిలోంచి లాక్కుని, మూత తీసి, యేసుపాదం చూస్తుండగానే నేల మీద ఒంపేశాడు.

"ఏంటండీ సిద్దికా గారూ, నేను వండుకున్న కూట్లో మీరు చెయ్యి పెడతారేంటి?" అన్నాడు నవ్వుతూ.

ఫిలిప్ నాకు కొత్త కాదు. పోలీసు ఉద్యోగం ఊడాక గుంటూరులో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. నేరస్థుణ్ణి వెతకడం అతనికి చేతకాదు గానీ, ఒకణ్ణి చూపించి వీడే అని రాసుకోమంటే మాత్రం అంత నమ్మకమైన మనిషి దొరకడు. నేను పదకొండేళ్ళు బీమా కంపెనీ తరఫున ఫ్యాక్టరీ ప్రమాదాలు చూసి, తర్వాత నల్లపాడులో సొంత ఆఫీసు పెట్టుకున్నాను. ఇద్దరం ఎదురుపడిన ప్రతిసారీ ఒకరి కేసు చెడుతుంది. ఎక్కువసార్లు చెడింది అతనిదే. అది అతను మరిచిపోలేదు.

ఈసారి అతన్ని పిలిపించింది గురవమ్మ. చిలకలూరిపేట బైపాస్ దాటాక రోడ్డు పక్కనే కనిపించే పత్తి జిన్నింగు మిల్లు, దాని వెనక పత్తి విత్తనాల యూనిట్, దాని వెనక పెద్ద ఇల్లు, ఇంటి ముందు స్విమ్మింగ్ పూల్, ఈ మిరపకాయల కొట్టు, అన్నీ ఆవిడవే. మొన్న బుధవారం పొద్దున ఆ పూల్ పక్కనున్న మోటారు గదిలో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ప్రకాష్ చనిపోయి కనిపించాడు. క్లోరిన్ వాయువు ఊపిరితిత్తుల్ని కాల్చేసిందని డాక్టరు చెప్పాడు. పూల్‌లో మందులు కలిపే పనివాడు యేసుపాదం. కాబట్టి చంపింది యేసుపాదం. ఫిలిప్ కేసు అంతే. అతని చేతిలోని కాగితం మీద ఆ మాటే టైపు చేసి ఉంది, కింద సంతకం మాత్రమే లేదు.

నన్ను పంపింది యేసుపాదం కూతురు రెబెకా. బళ్ళో పంతులమ్మ. "మా నాన్న సంతకం పెట్టేస్తాడు మేడం. దెబ్బలకి కాదు, దాహానికి పెట్టేస్తాడు" అంది. పోలీసులకి ఫోన్ చేశాను. బందోబస్తు డ్యూటీలో ఉన్నాం, సాయంత్రం ఎస్సై గారు వస్తారన్నారు. సాయంత్రానికి ఆ కాగితం మీద సంతకం ఉంటే యేసుపాదం మిగతా బతుకు జైల్లోనే.

"సాయంత్రం ఎస్సై వస్తే, మనిషిని కొట్టులో పెట్టి తాళం వేశారని నేనే సాక్ష్యం చెబుతాను. నేను నోరు మూసుకోవాలంటే ఆ మోటారు గది నాకు చూపించు" అన్నాను.

ఫిలిప్ ఇంటి వైపు చూశాడు. పోర్టికోలో కుర్చీ వేసుకుని గురవమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, కొంగుతో ఒత్తుకుంటూనే ఉంది.

"చూసుకోనియ్" అంది. ఆ గొంతు గొంతులా లేదు, గరగరమంటూ సగం గాలే వస్తోంది. "చూసి పొమ్మను. నా కొడుకుని మింగినోణ్ణి మాత్రం ఒదిలేది లేదు."

"ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందండీ పాపం" అన్నాడు ఫిలిప్ నాతో మెల్లగా. అతని మొహంలో జాలి అద్దెకి తెచ్చుకున్నట్టుంది.

ముందు కిటికీ దగ్గరికెళ్ళాను.

"యేసుపాదం, అడిగినదానికే జవాబు చెప్పు. పూల్‌లో ఏమేం కలుపుతావు?"

"క్లోరిన్ పౌడరండి... రోజూ." దగ్గు. "నీళ్ళు పచ్చబడకుండా. యాసిడ్డు వారానికోసారి. మనయ్యి సున్నం నీళ్ళు కదండీ, యాసిడ్డు పడకపోతే పౌడరు పనిచెయ్యదు, గోడలకి తెల్లగా పొరలు కడతాయి."

"రెండూ ఒకేసారి కలుపుతావా?"

"అయ్యబాబోయ్! చచ్చిపోతామండి." అని, ఆ మాట అన్నందుకు తనే బిక్కచచ్చిపోయాడు. "పౌడరు గదిలో, యాసిడ్డు బయట పంచలో. ఒకటేసిన రోజు రెండోది ముట్టుకోను."

"పౌడరు ఎలా వేస్తావు?"

"బకెట్లో నీళ్ళు రాత్రే పట్టి పెడతానండి. బోరు నీళ్ళు, మడ్డి ఉంటది. తెల్లారేసరికి తేరతాయి. పొద్దున పైనున్న తేట నీళ్ళలో పౌడరేసి కలిపి, పూల్‌లో పోస్తాను."

"మంగళవారం రాత్రి బకెట్లో ఏం పెట్టావు?"

"నీళ్ళేనమ్మా. దేవుడి తోడు, నీళ్ళే."

"బుధవారం పొద్దున నువ్వెందుకు రాలేదు?"

"భస్మ బుధవారమండి, ఉపవాసాలు మొదలయ్యే రోజు. పొద్దున్నే చర్చిలో ఆరాధన. ప్రకాష్ బాబుకి ముందురోజే చెప్పాను. పోరా, నేను చూసుకుంటాలే అన్నాడు." ఇంకేదో చెప్పబోయాడు, దగ్గు మింగేసింది.

ఫిలిప్ వైపు తిరిగాను. "ఫిలిప్ అని పేరు పెట్టుకుని మొన్న బుధవారం ఏం రోజో నీకూ గుర్తులేదా? ఊరి చర్చి మొత్తం వీడికి సాక్ష్యం."

"వీడు చర్చిలో ఉన్నాడు, వీడి నిర్లక్ష్యం ఇక్కడుంది" అన్నాడు. "రాత్రి బకెట్లో యాసిడ్ మిగిల్చి పోయాడు. పొద్దున ఆ కుర్రాడు అందులో పౌడరేశాడు. గ్యాస్ లేచింది. ఇందులో డిటెక్టివ్ పనేముందండీ?"

"అదే చూద్దాం పద."

పూల్ నీళ్ళు అప్పటికే ఆకుపచ్చకి తిరిగాయి. గట్టు మీద పరీక్ష కిట్ పడి ఉంది, రెండు చిన్న గొట్టాలు, రెండు మందు సీసాలు. పూల్ నీళ్ళు ముంచి చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రెండో గొట్టం ముదురు ఎరుపైంది. అంటే సున్నం ఎక్కువగా ఉంది, యాసిడ్ పడి చాలా రోజులైంది. పంచలోకి వెళ్ళి పూల్ యాసిడ్ క్యాన్ తిప్పి చూశాను. మూత మీద కంపెనీ సీలు అలాగే ఉంది. పక్కన ఖాళీ క్యాను లేదు.

"సీలు విప్పని క్యానులోంచి యేసుపాదం యాసిడ్ ఎలా మిగిల్చాడు ఫిలిప్?"

"పాతది ఉండి ఉంటుంది."

"పాతది అయిపోయాకే కొత్తది తెచ్చారు. మిగిలుంటే వారం వారం వేసేవాడు. పూల్ ఇంత ఎర్రగా రాదు."

ఫిలిప్ మోటారు గది తలుపు లాగాడు.

ఒక మంచం కూడా సరిగ్గా పట్టని గది. సిమెంటు గోడలు, ఇనప తలుపు, కిటికీ లేదు. రెండు రోజులైనా మూలల్లో వాసన పట్టుకునే ఉంది, గొంతులో గీరుతోంది. మోటారు మీదా, పైపుల బిగింపుల మీదా ఇనుము ఉన్న ప్రతిచోటా నారింజ రంగు తుప్పు కొత్తగా పూసి ఉంది. క్లోరిన్ తగిలితే ఇనుము గంటల్లో అలా తయారవుతుంది. మూల పౌడర్ డ్రమ్ము, నేల మీద పక్కకి ఒరిగిన బకెట్, చిలకరించిన మరకలు. గోడకున్న మేకు ఖాళీగా ఉంది.

"మేకుకి ఏముండేది?"

"యేసుపాదం రెయిన్‌కోటు. పసుపుది. పౌడర్ ఒంటి మీద పడకుండా వేసుకుంటాడు. ప్రకాష్ అదే వేసుకున్నాడు. మొహానికి వాడి తువ్వాలే చుట్టుకున్నాడు. శవం ఒంటి మీద అవే ఉన్నాయి" అన్నాడు ఫిలిప్. "తువ్వాలు సగం ఇక్కడే పడిపోయింది. అదిగో."

మోటారు కింద నలిగి పడి ఉన్న గుడ్డ ముక్క బయటికి లాగాను. తెల్ల నూలు తువ్వాలు. దాని నిండా చిల్లులు. చిల్లుల అంచులు నల్లగా బొగ్గయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి.

ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. 

"ఫిలిప్, పూల్ యాసిడ్ ఎప్పుడైనా వాసన చూశావా?"

"చూడ్డమెందుకు? మూత తీస్తే పదడుగుల దూరానికే ముక్కు పగులుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్డేగా."

"బకెట్లో అది ఉంటే ప్రకాష్ గదిలోకి రాగానే తెలిసేది. బకెట్ ముందు వంగి కూర్చునేవాడు కాదు. ఆ యాసిడ్ నూలుగుడ్డని ఇలా బొగ్గు చెయ్యదు కూడా. నూలుని నల్లగా కాల్చేది ఇంకొకటుంది. దానికి వాసన రాదు. బకెట్లో పోస్తే కదలకుండా, చిక్కగా, తేరిన నీళ్ళలాగే ఉంటుంది. ఇక్కడికి రెండు వందల గజాల దూరంలో క్యాన్లకి క్యాన్లు ఉంది."

అతనికి అర్థమైంది. అయినట్టు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పత్తి ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలిసిన విషయం అది. జిన్నింగులో దూది తీశాక గింజకి నూగు మిగులుతుంది. ఆ నూగు పోవడానికి విత్తనాల యూనిట్లో గింజల్ని యాసిడ్‌తో కడుగుతారు. దూదిని కాల్చి బూడిద చేసే యాసిడ్ అది. గుడ్డ మీద పడితే గుడ్డ, కంట్లో పడితే కన్ను మిగలవు. 

"రాత్రి ఎవరో వచ్చి బకెట్లో తేరిన నీళ్ళు పారబోసి, విత్తనాల యాసిడ్ పోశారు. పొద్దున దాంట్లో పౌడర్ వేసినవాడు చావాలని పోశారు. రోజూ పౌడర్ వేసేది యేసుపాదం. అంటే చావాల్సింది ప్రకాష్ కాదు, నువ్వు కొట్టులో పెట్టి కాలుస్తున్నావే, వాడు."

"ఎందుకు? వాడికేముందని?"

"నోరుంది. రెబెకా చెప్పింది, పోయిన నెల ఈ విత్తనాల యూనిట్లో క్యాను పగిలి బుడాన్ అనే కూలీకి రెండు కళ్ళూ పోయాయి. కళ్ళద్దాలివ్వలేదు, కుళాయిలో నీళ్ళు లేవు. వాణ్ణి భుజాన వేసుకుని బయటికి తెచ్చింది యేసుపాదం. నిన్న గురువారం జరగాల్సి, ఈ చావుతో వాయిదా పడిన విచారణలో చూసింది చూసినట్టు చెబుతానన్నాడు. అందుకే బుధవారం చావాల్సి వచ్చింది."

ఫిలిప్ తర్వాత చేసిన పని నేను ఊహించలేదు. బయటికి అడుగు వేసి తలుపు దబ్బున లాగి, గడియ తోశాడు.

చీకటి. తలుపు కిందా పక్కనా సన్నని వెలుతురు గీతలు. ఇందాక గొంతులో గీరిన వాసన ఇప్పుడు ఛాతీలోకి దిగింది.

"ఇప్పుడు చెప్పండి సిద్దికా గారూ" అన్నాడు బయటినుంచి. గొంతు నా చెవి పక్కనే ఉన్నట్టు స్పష్టంగా వినిపించింది. "ఆ తువ్వాలు ముక్క తలుపు కిందనుంచి బయటికి తొయ్యండి. తర్వాత తీస్తాను."

భయం వేసింది. లేదని చెబితే అబద్ధం. అక్కడే ఒక మనిషి ఊపిరాడక చనిపోయి రెండు రోజులే అయింది. ఊపిరి కొంచెం కొంచెంగా పీలుస్తూ, తలుపు దగ్గరికి జరిగాను.

"ఫిలిప్, లెక్క వేసుకో. ఈ గదిలో రెండో శవం లేస్తే దాన్ని యేసుపాదం మీద రాయలేవు. వాణ్ణి కొట్టులో పెట్టి తాళం వేసింది నువ్వే. ఇప్పుడీ గడియ పెట్టిందీ నువ్వే. నేనిక్కడికొచ్చానని రెబెకాకి తెలుసు."

ఫిలిప్‌కి మనస్సాక్షి లేదు గానీ లెక్కలు బాగా వచ్చు. గడియ కిర్రుమని వెనక్కి జరిగింది.

వెలుతుర్లోకి రాగానే నేను అతని మొహం వంక చూడలేదు. గడియ వంక చూశాను. చేతి బొటనవేలంత లావు ఇనప కమ్మీ. పొడవునా నారింజ తుప్పు పట్టింది. చివర మాత్రం, ద్వారబంధం బెజ్జంలోకి దూరే రెండంగుళాల మేర, కొత్త ఇనుములా నున్నగా ఉంది.

"ఇది చూడు" అన్నాను. "గ్యాస్ తలుపు సందుల్లోంచి బయటికి కారుతున్నప్పుడు కమ్మీ అంతా తుప్పు పట్టింది. చివర పట్టలేదు. ఎందుకంటే ఆ సమయంలో చివర బెజ్జంలో దాగి ఉంది. అంటే లోపల మనిషి చస్తున్నప్పుడు బయట గడియ పెట్టి ఉంది."

ఫిలిప్ జేబురుమాలు తీశాడు. తుడవడానికో, చెమటకో నాకు తెలియదు. అతని చెయ్యి కమ్మీ మీద పడేలోగా నేను ఫోన్‌లో ఫోటో తీసి రెబెకాకి పంపేశాను.

విత్తనాల యూనిట్ మేస్త్రీ పీరుని పిలిచాను. నలభై ఏళ్ళ మనిషి, చేతుల నిండా పాత యాసిడ్ మచ్చలు. తువ్వాలు ముక్క అతని మొహం ముందు పెట్టాను.

"ఇది ఏం యాసిడ్?"

చూడగానే గుర్తుపట్టాడు. "మాదేనండి."

"ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"నేనేనండి. మంగళారం పొద్దుగూకాక. అమ్మగారు ఒక క్యాను పంచలో పెట్టమన్నారు. నాపరాళ్ళ మీద మరకలు పోవట్లేదన్నారు. నేను పెట్టి ఎళ్ళిపోయానండి. నా పిల్లల మీద ఒట్టు."

"బుధవారం శవాన్ని ముందు చూసింది నువ్వేనా?"

"అమ్మగారి కేక విని పరిగెత్తానండి. అప్పటికి గడియ తీసే ఉంది. తలుపు లాగితే బాబు గడప మీదకి పడ్డాడు. చేతులు..." ఆగిపోయాడు. "గోళ్ళు లేవండి చేతులకి."

"అమ్మగారు ఎక్కడున్నారు?"

"మేడ మీద. అక్కణ్ణుంచే కేకేశారు. కిందకి అసలు రాలేదండి. బాబుని కారులో పడుకోబెట్టిందాకా రాలేదు."

ఫిలిప్ తల తిప్పుకున్నాడు. నేను అతని దగ్గరగా వెళ్ళాను.

"నీ కాగితం మీద సంతకం పడిన క్షణంలో నువ్వు హంతకురాలికి తోడు దొంగవి. పడకపోతే, మోసపోయిన మూర్ఖుడివి. రెండోదాంట్లో జైలుండదు. తాళం చెవి తియ్యి."

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, కొట్టు వైపు నడిచాడు. తాళం తీసిన చప్పుడు వినిపించింది. పీరూ, అతనూ చెరో రెక్క పట్టుకుని యేసుపాదాన్ని బయటికి తెచ్చారు. పంపు దగ్గర కూర్చోబెడితే నీళ్ళు తాగలేదు, ముందు మొహం మొత్తం పంపు కింద పెట్టేశాడు. ఆ మనిషి వీపు ఎగిసిపడుతుంటే చూసి నాకు ఫిలిప్ మెడ పట్టుకుని ఆ మిరపకాయల్లో పొర్లించాలనిపించింది. అది తర్వాత. పోర్టికోలో కుర్చీ ఇంకా ఖాళీ కాలేదు.

నేను వెళ్ళి గురవమ్మ ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమనలేదు, నేను అడగలేదు.

"వాణ్ణెందుకు ఒదిలిపెట్టారు?" అంది. అదే గాలి గొంతు.

"డాక్టరుకి చూపించుకున్నారా గొంతు?"

"ఏడుపుకి డాక్టరేంటమ్మాయ్?"

"ఏడిస్తే గొంతు బొంగురు పోతుంది, రెండు రోజులకి తేరుకుంటుంది. మీది కాలింది. కళ్ళూ అంతే. మీరు మాట్లాడితే ఛాతీలో పిల్లికూత వినిపిస్తోంది. ఈ ఇంట్లో క్లోరిన్ పీల్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు పోయారు. మేడ దిగలేదన్న మనిషికి మోటారు గది గ్యాస్ ఎలా తగిలింది గురవమ్మ గారూ?"

ఆవిడ కొంగు కళ్ళ మీదనుంచి తీసింది. చూపులో బెదురు లేదు. ముప్పై ఏళ్ళు మిల్లు నడిపి, కూలీల మీద అరిచి అరిచి గట్టిపడ్డ మొహం అది.

"బకెట్లో పోసింది మీరు. పొద్దున పసుపు రెయిన్‌కోటు గదిలోకి వెళ్ళడం మేడ మీదనుంచి చూశారు. మొహానికి తువ్వాలుంది. యేసుపాదం అనుకున్నారు. భస్మ బుధవారం అంటే ఏంటో గానీ, ఆరోజు వాడు పనిలోకి రాడని గానీ మీకు తెలియదు. ఇన్నేళ్ళు మీ ఇంట్లో పని చేశాడు, వాడి పండగ ఏదో మీరు ఒక్కసారి అడగలేదు. కిందకి దిగి గడియ పెట్టారు."

"గడియ పెట్టిన మాట నిజమే" అంది. వాదించలేదు, తడుముకోలేదు. "నా మిల్లు మూయిద్దామని చూశాడు వాడు. గుడ్డోడొకడి కోసం వంద మంది తిండి తీసేద్దామని చూశాడు. కుక్క చచ్చినట్టు చావాలనుకున్నాను. తలుపు అవతల నా బిడ్డ ఉన్నాడని నాకెట్టా తెలుస్తది? లోపల మోటారు మోగుతోంది. దగ్గు వినపడింది. దగ్గు ఎవరిదైనా దగ్గేగా?"

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ మొహం చూస్తే నేను ఆగి ఉండాల్సింది. కానీ పంపు దగ్గర యేసుపాదం ఇంకా దగ్గుతున్నాడు, నాకు ఆ ఇంట్లో ఎవరి మీదా దయ మిగల్లేదు.

"ఇందాక ఫిలిప్ నన్ను ఆ గదిలో పెట్టి గడియ వేశాడు. తలుపు అవతల మాట చెవిలో చెప్పినట్టు వినిపించింది" అన్నాను. "గడియ పెట్టి వెళ్ళిపోయి ఉంటే మీకు ఇంత గ్యాస్ తగలదు. మీరు అక్కడే నిలబడ్డారు. వింటూ నిలబడ్డారు. దగ్గు ఎవరిదో మీకు తెలియలేదా?"

గురవమ్మ చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి.

"వాడికి మూడో ఏట కోరింత దగ్గు పట్టింది" అంది. "రెండు నెలలు నా గుండెల మీదే పడుకోబెట్టుకున్నాను. ఆ దగ్గు... చివర కూతలా లాగుతాడు. పెద్దయ్యాక కూడా జలుబు చేస్తే అట్టాగే. ముందు రెండుసార్లు ఏమీ అనిపించలా. మూడోసారి లాగాడు."

"తెలిసింది."

"తెలిసింది. తెలిసి గడియ మీద చెయ్యేశాను. సందులోంచి ఆ గాలి వచ్చి మొహాన కొట్టింది. కళ్ళు పేలిపోయినాయి, ఊపిరాడలా. చెయ్యి తీసేశాను." ఆవిడ తన అరచేతిని తిప్పి చూసుకుంది. "మళ్ళీ పెడదామనుకున్నాను. కాళ్ళు వెనక్కే పోయినాయమ్మాయ్. వాడు తలుపు కొడతానే ఉన్నాడు, నేను వెనక్కి పోతానే ఉన్నాను. మెట్లు తగిలిందాకా పోయాను. చప్పుడు ఆగిపోయాక, కొంగు ముక్కుకి కట్టుకుని ఒచ్చి, అప్పుడు తీశాను గడియ."

నాకు ఆవిడ మీద జాలి కలగలేదు, అసహ్యం కూడా ఎక్కడో ఇరుక్కుపోయింది. పంపు దగ్గర నీళ్ళు ఇంకా పారుతున్నాయి.

పొద్దు వాలే వేళకి గేటు బయట పోలీసు జీపు హారన్ మోగింది. గురవమ్మ ఉలిక్కిపడి ముందుకి వంగి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో మిల్లు యజమానురాలు లేదు.

"ఆ కాగితం మీద వాణ్ణి సంతకం పెట్టమని చెప్పమ్మా" అంది. "వాడికేం కావాలంటే అదిస్తాను, విచారణలో నా మీద ఏం చెప్పుకుంటాడో చెప్పుకోమను. చంపింది వాడేనని ఒక్క చోట రాసి ఉండాలి. రాత్రి పడుకునేటప్పుడు అది చేతిలో పెట్టుకుంటాను."